మౌల్వీ సాబ్ మీద నవ్విన శిష్యుడు: మిర్జా ఫర్హతుల్లా బేగ్

తిరువూరు: ఉర్దూ మీడియంలో చదివిన వాళ్లకి మిర్జా ఫర్హతుల్లా బేగ్ పేరు ఏదో ఒక క్లాసులో పాఠంగా తగిలే ఉంటుంది. తెలుగు మీడియం వాళ్లకి ఆ పేరు కొత్త. ఆయన పుట్టింది ఢిల్లీలో, బతికిందీ కన్నుమూసిందీ మాత్రం మన హైదరాబాదులో. నిజాం సర్కారులో పెద్ద ఉద్యోగం చేశారు. అయితే ఆ ఉద్యోగం ఈ రోజు ఎవరికీ గుర్తు లేదు. తనకి అరబీ నేర్పిన ఒక పెద్ద ఆలిం గురించి, ఆయన పోయిన తర్వాత, నవ్వు తెప్పించేలా రాసిన ఒక వ్యాసం మాత్రం మిగిలింది. మౌల్వీ మీద ముస్లిం నవ్వొచ్చా, అదీ చనిపోయిన ఉస్తాద్ మీద, అదీ అచ్చులో? దాదాపు వందేళ్ల కిందటి ఈ ప్రశ్న ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చి కూర్చుంది కాబట్టి ఆయన జీవితాన్ని ఒకసారి చూద్దాం.

బేగ్ గారు 1883లో పుట్టారు. అప్పటికి మొఘల్ దర్బారు పోయి పాతికేళ్లే. ఇంట్లో, గల్లీలో ఆ దర్బారుని కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ల మాటలు వింటూ పెరిగిన కుర్రాడు ఆయన. చదువు మాత్రం ఇంగ్లీషుది. సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో చేరి 1905లో బి.ఏ. అయ్యారు. ఢిల్లీవాళ్లు ఆ కాలేజీని మిషన్ కాలేజీ అనేవాళ్లు.

అక్కడ ఆయనకి గులాం యజ్దానీ అనే దోస్తు ఉన్నాడు. ఇద్దరూ అరబీ తీసుకున్నారు. తీసుకోవడం తేలికే, నెగ్గడం కష్టం. బయట ఎవరైనా ఉస్తాద్ దొరికితే బాగుండునని వెతికి వెతికి చివరికి డిప్యూటీ నజీర్ అహ్మద్ గారి గుమ్మం తొక్కారు.

నజీర్ అహ్మద్ గారంటే మామూలు మౌల్వీ కాదు. ఉర్దూలో మొదటి నవల అని చాలా మంది చెప్పే మిర్ఆతుల్ ఉరూస్ 1869లో ఆయన రాసిందే. అక్బరీ, అస్గరీ అనే అక్కాచెల్లెళ్ల కథ. ఆడపిల్లలకి చదువు చెప్పించాలని రాసిన ఆ పుస్తకాన్ని మన ఇళ్లలో పెళ్లికూతురి సామానుతో కలిపి పంపేవాళ్లు. ఇండియన్ పీనల్ కోడ్‌ని ఉర్దూలోకి తెచ్చిన వాళ్లలో ఆయన ఉన్నారు. ఖుర్ఆన్‌కి ఉర్దూ తర్జుమా చేశారు. మొదటి సాలార్ జంగ్ కాలంలో హైదరాబాద్ రాజ్యంలో కొన్నేళ్లు రెవెన్యూ కొలువు చేసి తిరిగి ఢిల్లీ వెళ్లిపోయారు. అంత మనిషి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లకి ఫీజు లేకుండా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు.

ఆ పాఠాల రోజులనే బేగ్ గారు తర్వాత రాశారు. వ్యాసం పేరుకి తెలుగు చేస్తే నజీర్ అహ్మద్ కథ, కొంత నా మాటల్లో, కొంత ఆయన మాటల్లో అని అర్థం. 1927లో మౌల్వీ అబ్దుల్ హక్ నడిపిన అంజుమన్ తరఖ్ఖీ ఎ ఉర్దూ వారి పత్రికలో ఔరంగాబాదు నుంచి అచ్చయింది. అప్పటికి నజీర్ అహ్మద్ గారు ఇంతకాల్ అయి పదిహేనేళ్లు.

పీనల్ కోడ్ తర్జుమా చేసిన ఆలిం ఆ వ్యాసంలో ఎలా కనిపిస్తారంటే, ఎండాకాలం మధ్యాహ్నం ఒంటి మీద ఒక్క తహ్‌మద్, అంటే మన లుంగీ, అదీ ఎప్పుడు ఊడుతుందో తెలియనట్టు చుట్టుకుని, పక్కన చవక పొగాకు హుక్కా పెట్టుకుని, గట్టి గొంతుతో అరబీ కవిత్వం చెప్తుంటారు. డబ్బు దగ్గర మహా గట్టి. వ్యాపారం చేసుకోమని మనవాళ్లకి పెట్టుబడి ఇస్తారు, పైసా పైసా లెక్క అడుగుతారు. అయినా ముంచేవాళ్లు ముంచేస్తూనే ఉంటారు. వడ్డీ మీద ఆయన అభిప్రాయం చాలా మంది ఉలమాలకి మింగుడు పడనిది. బేగ్ గారు దాన్ని కూడా దాచలేదు.

ఇంతవరకే ఉంటే ఎవరైనా చెప్పే మాట ఒకటే. శిష్యుడు గురువు పరువు తీశాడు, అంతే. కానీ ఆ వ్యాసంలో ముందుగా నవ్వులపాలయ్యేది శిష్యుడే. బేగ్ గారి అరబీ వ్యాకరణం అంతంతమాత్రం. ఒక్కో వాక్యం దగ్గర ఆయన తడబడటం, మౌల్వీ సాబ్ ఎగతాళి చేయడం, పక్కన దోస్తు మియా దానీ బుద్ధిగా కూర్చోవడం, అన్నీ వస్తాయి. దానీ అంటే ఆ యజ్దానీయే, ముద్దుపేరు. తన మొద్దుతనాన్ని ముందు బల్ల మీద పెట్టిన తర్వాతే ఉస్తాద్ హుక్కా మీదికి వెళ్లారు ఆయన.

ఇంకొకటి ఉంది, నాకు ఆ వ్యాసం మొత్తంలో ఇదే ప్రాణం. నజీర్ అహ్మద్ గారు తన చిన్నతనం గురించి తానే శిష్యులకి నవ్వుతూ చెప్పారు. బిజ్నోర్ జిల్లా నుంచి చదువు కోసం ఢిల్లీ వచ్చిన పేద కుర్రాడు. పంజాబీ కట్రాలోని ఔరంగాబాదీ మసీదులో ఉండేవాడు. మసీదులో చదివే పిల్లలు ఇంటింటికీ తిరిగి రొట్టెలు తెచ్చుకోవాలి. తన ఉస్తాద్ మౌల్వీ అబ్దుల్ ఖాలిఖ్ గారి ఇంటికి వెళ్తే ఊరికే రొట్టె పెట్టరు, సన్నికల్లు దగ్గర కూర్చోబెట్టి మసాలా నూరిస్తారు. ఆ ఇంట్లో ఒక చిన్నపిల్ల. చెయ్యి కాస్త ఆగిందా, పొత్రం లాక్కుని వేళ్ల మీద వేసేది. ఏళ్లు గడిచాక ఆ పిల్లతోనే ఆయనకి నికా అయింది. ఢిల్లీ కాలేజీలో సీటు దొరకడం కూడా అలాంటిదే. గుంపు తోపులాటలో జారి పడ్డాడు, లేపిన వాళ్లు ఏం చదివావని అడిగారు, ముఫ్తీ సద్రుద్దీన్ గారితో పరీక్ష పెట్టించారు, కుర్రాడు నెగ్గాడు.

అడుక్కున్న రొట్టెని దాచుకోలేదు మౌల్వీ సాబ్. పెద్ద హోదాలు చూసిన మనిషి తన పేదరికం మీద తానే నవ్వి, ఆ నవ్వుని ఇద్దరు కుర్రాళ్ల చేతిలో పెట్టారు. శిష్యుడు దాన్ని తీసుకెళ్లి పత్రికలో పెట్టాడు. ఆ కథ చదివి ఎవరైనా మదర్సా పిల్లల్ని తక్కువగా చూస్తారా? నాకైతే అలా అనిపించదు. రొట్టెల కోసం తిరిగిన ఆ పిల్లాడి వెంట మనమూ గల్లీ గల్లీ తిరుగుతాం.

మరి దీన్ మాట ఏమిటి? సూరా అల్ హుజురాత్ 11వ ఆయత్ ఒక జాతి ఇంకో జాతిని ఎగతాళి చేయవద్దని, ఆడవాళ్లు ఆడవాళ్లని ఎగతాళి చేయవద్దని, మారుపేర్లు పెట్టి పిలవవద్దని చెప్తుంది. ఒకరినొకరు నిందించుకోవద్దన్న చోట అరబీలో వచ్చే పదం మీకు మీరే అనే అర్థం ఇస్తుంది. అంటే సాటి మోమిన్‌ని తూలనాడితే నిన్ను నువ్వు తూలనాడుకున్నట్టే. తర్వాతి ఆయత్‌లో గీబత్ సంగతి. వెనకాల చెప్పిన మాట నిజమైనా సరే, ఆ మనిషికి నచ్చనిదైతే అది గీబతే, అబద్ధమైతే అపనింద అని హదీసు వివరిస్తుంది. చనిపోయిన వాళ్ల మంచినే తలుచుకోమన్న హితవు కూడా ఉంది. ఇంకో వైపు, ప్రవక్త (స) సహాబాలతో సరదాగా మాట్లాడేవారు, ఆ సరదాలో కూడా నిజం తప్ప ఇంకేం ఉండేది కాదు. కాబట్టి మన దగ్గర నవ్వుకి పూర్తిగా తలుపు మూసి లేదు, అలాగని బార్లా తెరిచీ లేదు.

ఈ కొలతతో చూస్తే బేగ్ గారి పక్షం పూర్తిగా తీసుకోబుద్ధి కాదు. రొట్టె, పొత్రం కథ ఉస్తాద్ తానే ఇచ్చింది. వడ్డీ సంగతి, లుంగీ సంగతి ఆయన ఇచ్చినవి కావు. ఇంట్లోకి రానిచ్చిన శిష్యుడు కళ్లతో చూసి దాచుకున్నవి. పదిహేనేళ్ల తర్వాత జవాబు చెప్పుకోవడానికి ఆ మనిషి లేరు. అయితే ఒకటి. కామర్స్ చదువుకున్న నాకు ఆ వ్యాసం లెక్కల పుస్తకంలా కనిపిస్తుంది, ఖర్చు వైపు రాసిన ప్రతిదానికీ జమ వైపు ఒకటి ఉంది. పైసా లెక్క అడిగే చెయ్యే ఉచితంగా పాఠం చెప్పింది. కేకలేసే గొంతే అరబీ కవిత్వం నోటికి చెప్పింది. అలా రెండు కాలాలు నింపి రాసినదాన్ని గీబత్ అనాలా వద్దా అన్నది చదివినవాళ్లు, ముఖ్యంగా ఆలింలు, తేల్చుకోవాల్సిన మాట.

నజీర్ అహ్మద్ గారు స్వయంగా ఈ గీత దగ్గర దెబ్బ తిన్నారని కూడా గుర్తుంచుకోవాలి. క్రైస్తవం తీసుకున్న ఒకాయన ఉమ్మహాతుల్ మోమినీన్ మీద రాసిన పుస్తకానికి జవాబుగా ఆయన ఉమ్మహాతుల్ ఉమ్మహ్ అనే పుస్తకం రాశారు. ఉద్దేశం దీన్ తరఫున నిలబడటమే. కానీ ఆయనకి ఢిల్లీ గల్లీ నుడికారం అంటే పిచ్చి ప్రేమ. ఆ నుడికారం పవిత్రమైన పేర్ల పక్కన పడేసరికి గోల లేచింది. చివరికి ప్రతులు తెప్పించి కాల్చేశారు. ఉద్దేశం మంచిదైతే మాట ఎలా ఉన్నా ఫరవాలేదు అనే వాళ్లకి ఆ బూడిద ఒక జవాబు. మన మీద మనం నవ్వుకోవడం వేరు, మన అందరి కంటే పైన ఉన్నవాళ్ల దగ్గరికి ఆ భాష పట్టుకెళ్లడం వేరు.

మళ్లీ బేగ్ గారి దగ్గరికి వద్దాం. 1907 ప్రాంతంలో ఆయన హైదరాబాదు వచ్చారు. మొదట స్కూల్లో పాఠాలు చెప్పారు, తర్వాత న్యాయశాఖలో పైకి వెళ్లారు, హోం శాఖలో కూడా చేశారు. ఉత్తరాది నుంచి వచ్చి కొలువులు పట్టిన వాళ్ల మీద ఆ రోజుల్లో ముల్కీల కోపం చాలా ఉండేది. ఢిల్లీ ఉర్దూ వాళ్లకి దక్కనీ అంటే చిన్నచూపు కూడా ఉండేది, మన నక్కో, హౌ వింటే ఇప్పటికీ నవ్వే వాళ్లున్నారు కదా. బేగ్ గారు కావాలనుకుంటే ఆ నవ్వు దారిలో తేలిగ్గా పేరు తెచ్చుకోవచ్చు. కానీ ఆయన పేరు నిలబెట్టిన రచనలన్నీ ఢిల్లీ మీదే, అంటే సొంత ఊరి మీద, సొంత మనుషుల మీద. పాత ఢిల్లీ కవుల్ని ఒక్క చోట కూర్చోబెట్టి ఊహించి రాసిన ముషాయిరా ఉంది. మెహ్రౌలీలో హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునే పూలవాళ్ల జాతర మీద రాసినది ఉంది. మొదట్లో సొంత పేరు కూడా పెట్టుకోలేదు, మిర్జా అలం నష్రహ్ అని రాసేవారు. అలం నష్రహ్ ఖుర్ఆన్‌లో ఒక సూరా మొదటి మాట. ఉర్దూలో దాన్ని బట్టబయలు కావడం అనే అర్థంలో వాడతారు. పేరు దాచుకోవడానికి ఎంచుకున్న పేరు అదన్నమాట!

నజీర్ అహ్మద్ వ్యాసం అచ్చయ్యాక జరిగిన ఒక ముచ్చట చెప్పకపోతే ఆయన కథ పూర్తి కాదు. ఉస్మానియా యూనివర్సిటీలో మౌల్వీ వహీదుద్దీన్ సలీం అని పానీపట్ నుంచి వచ్చిన ఉర్దూ ప్రొఫెసర్ ఉండేవారు. శాస్త్రాల పాఠాలు ఉర్దూలో చెప్పాలంటే కొత్త మాటలు ఎలా కట్టాలో వజ్ఎ ఇస్తిలాహాత్ అనే పుస్తకం రాసింది ఆయనే. ఆయన వ్యాసం చదివారు. ఒక మౌల్వీ గురించి ఇలా రాస్తావా అని కోప్పడతారేమో అనుకుంటాం. ఆయన బేగ్ గారిని కావలించుకుని, నేను పోయాక నా గురించి కూడా ఇలా రాసే శిష్యుడు నాకు లేకపోయాడే అని వాపోయారు. బేగ్ గారు ఊరుకుంటారా, మీరు కానివ్వండి, రాయడానికి నేను ఉన్నాను అన్నారు. సరసంగా అన్న మాటే. ఏడాది తిరిగేసరికి, 1928లో, సలీం గారు నిజంగానే కన్నుమూశారు.

బేగ్ గారు మాట నిలబెట్టుకున్నారు. ఏక్ వసియ్యత్ కీ తామీల్ అని రాశారు, ఒక వీలునామా అమలు అని. సలీం గారి అలవాట్లు, డబ్బు దగ్గర జాగ్రత్త, ఆయన చదువు, అన్నీ అందులో ఉన్నాయి. గీబత్‌కి ఉన్న కొలత, ఆ మనిషికి నచ్చుతుందా లేదా అన్నది. ఇక్కడ ఆ మనిషే అడిగి మరీ రాయించుకున్నారు. పొగడ్తల పేరాలు ఎవరైనా రాస్తారు, తన్ని తనలా గుర్తుపట్టేలా రాసేవాడు కావాలని ఆయనకి అనిపించింది కాబోలు.

ఉస్తాదుల మీదే కాదు, జమాతు మొత్తం మీద కూడా రాశారాయన. ముర్దా బదస్తె జిందా అనే వ్యాసం జనాజా వెంట నడిచే మన గురించి. చచ్చినవాడు బతికినవాళ్ల చేతుల్లో పడితే ఎలా ఉంటుందో అది చూపిస్తుంది. కాటి వరకు లోకం కబుర్లు చెప్పుకుంటూ వెళ్లేవాళ్లు, ముఖం చూపించి జారుకునేవాళ్లు, అందరూ అందులో ఉంటారు. చదివితే నవ్వొస్తుంది, కాస్త ఆగి మన ఊరి కబ్రస్తాన్ గుర్తొస్తుంది. ఇప్పుడు కబుర్ల చోట సెల్‌ఫోన్ వచ్చింది, అంతే తేడా. ఆ వ్యాసంలో నవ్వు ఎవరి మీద పడుతుందో చూడండి. దీన్ మీద కాదు, జనాజా నమాజు మీద కాదు, ఏడుస్తున్న ఇంటివాళ్ల మీద అసలే కాదు. వాళ్ల వెంట వచ్చి ఏడుపు నటించేవాళ్ల మీద.

మా తిరువూరు వైపు ఈ మాట ఎందుకు ముఖ్యమో చెప్తాను. ఇక్కడ మన ఉర్దూలో సగం తెలుగు. ఖమ్మం వైపు చుట్టాలకి మా మాట వింతే, హైదరాబాదు వాళ్లకి ఇంకా వింత, తెలుగువాళ్లకేమో అదంతా ఒకటే తురకం. దావతుల్లో మనకి మనం నవ్వుకునే సంగతులకి కొదవ లేదు. కార్డులో నికా టైము ఒకటి, ఖాజీ గారు కూర్చునే టైము ఒకటి. దస్తర్‌ఖాన్ పరవగానే ముందు వరస కోసం జరిగే పరుగు సరేసరి. ఇప్పుడు మన పిల్లలు వీటినే చిన్న చిన్న వీడియోలుగా తీస్తున్నారు. దుపట్టా కప్పుకుని నానీలా, ఫుప్పోలా మాట్లాడతారు, గడ్డం అంటించుకుని ఇమాం సాబ్‌లా నడుస్తారు. కొన్ని నిజంగా బాగుంటాయి. పెద్దవాళ్లు కొందరు నవ్వుతారు, కొందరు లేచి వెళ్లిపోతారు.

బేగ్ గారికీ మన పిల్లలకీ మధ్య ఒక తేడా ఉంది, అది పిల్లల తప్పు కాదు. ఆయన ఉర్దూ పత్రికలో రాశారు, చదివినవాళ్లకి నజీర్ అహ్మద్ ఎవరో ముందే తెలుసు. నవ్వు ఇంటి గోడల మధ్యే తిరిగింది. మన వీడియో గంటలో ఎక్కడికో వెళ్లిపోతుంది. తెలుగు సినిమాల్లో ముస్లిం పాత్ర అంటే వచ్చీరాని తెలుగు మాట్లాడే సాయిబు అని ఎన్నేళ్లుగానో చూస్తున్న జనం, మనవాడే చేసిన వీడియో చూసి, చూశారా, వాళ్లే ఒప్పుకుంటున్నారు అనుకునే వీలుంది. అదే జోకు, అదే నానీ, గోడ దాటగానే అర్థం మారిపోతుంది. అలాగని గోడలోపల కూడా నవ్వవద్దంటే, మన గురించి చెప్పే పని మొత్తం బయటివాళ్లకి అప్పగించినట్టే. పిల్లల్ని నేను అడిగేది ఒక్కటే. వీడియోలో నానీ మాట ఎలా ఉందో చూపించారు సరే, ఆ నానీ ఏం చేసి ఇంతమందిని పెంచిందో ఎక్కడైనా ఉందా? ఇమాం సాబ్ నడక ఉంది, నెలాఖరున ఆయన చేతికి వచ్చేది ఎంతో ఉందా? నానీకి ఆ వీడియో చూపించారా, ఆమె నవ్విందా? బేగ్ గారి వ్యాసంలోనైతే మసాలా నూరిన వేళ్లు కూడా ఉన్నాయి మరి.

బేగ్ గారి వ్యాసాలు మజామీనె ఫర్హత్ పేరుతో కొన్ని సంపుటాలుగా వచ్చాయి. 1947లో హైదరాబాదులోనే ఇంతకాల్ అయ్యారు. ఢిల్లీ కూడా, హైదరాబాదు రాజ్యం కూడా ఇంకో రకంగా మారిపోవడం మొదలైన ఏడాది అది.

నజీర్ అహ్మద్ గారి ఇంట్లో పక్కన కూర్చున్న ఆ రెండో కుర్రాడు కూడా హైదరాబాదే వచ్చాడు. గులాం యజ్దానీ గారు నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ డైరెక్టరయ్యారు. అజంతా గుహల బొమ్మల మీద నాలుగు భాగాల పుస్తకం తెచ్చారు, బీదర్ కోట, కట్టడాల మీద ఇంకో పెద్ద పుస్తకం రాశారు. 1959లో పద్మభూషణ్ అందుకున్నారు, 1962లో కన్నుమూశారు. దోస్తు రాసిన వ్యాసంలో మాత్రం ఆయన ఇప్పటికీ కితాబు ముందేసుకుని కూర్చున్న మియా దానీయే.